102లో 61 పోగా

మన బడి పాత విద్యార్థుల సంచిక కమిటీవాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. "రెండు పేజీలు రాయి, ఫొటో పంపు, ఈసారి తప్పించుకోబాక" అని. హైస్కూలు గురించి రాయమంటే నా వల్ల కాదు. ఆరు నుంచి పది దాకా ఎవరి పక్కన కూర్చున్నానో కూడా గుర్తులేదు. గుర్తున్నదల్లా మూడో తరగతి. మూడో తరగతంటే మా మాస్టారు గొడుగయ్యవారు. గొడుగు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

1978. వినాయక చవితి వెళ్లిన వారం మనిషికి మూడు తాటి టెంకలు తెమ్మన్నారు. 34 మందిమి, 102 టెంకలు. బడి వెనక చెరువు కట్టకు, కలుజు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) దగ్గర్నుంచి పెద్ద తూము దాకా, బారకొకటి చొప్పున పాతించారు. కంచె అక్కర్లేదు, నీళ్లు పొయ్యక్కర్లేదు, పాతిన టెంక జోలికి మేక రాదు, వేళ్లు కట్టను పట్టుకుంటాయి అన్నారు. మేకల విషయం నిజమే. పిలకాయలు వస్తారన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు.

సంక్రాంతి సెలవుల్లో బుడ్డోడు గుర్తుచేశాడు. "టెంక పాతిన మూణ్ణాలుగు నెల్లకి తేగ దిగుద్ది, మా అవ్వ చెప్పింది" అని. గడ్డపలుగు తెచ్చిందెవరో నేను చెప్పను, ఆమెకిప్పుడు ఊళ్లో చాలా గౌరవం. పిడకలు రాజేసి కాల్చుకు తిన్నాం. టెంకలు పగలగొట్టి గుంజు కోసం కొట్టుకున్నాం కూడా.

బడి తెరిచిన రోజు అయ్యవారు కట్ట మీదికెళ్లి చూసొచ్చారు. బెత్తం తీస్తారనుకున్నాం. తీయలేదు. బోర్డు మీద లెక్క రాశారు. "102 టెంకలు నాటితిమి. 61 తింటిమి. మిగిలినవెన్ని?" అందరం పలకల మీద 41 వేసి చూపించాం. ఇంకో లెక్క. "తాటిచెట్టు కాపుకు రావడానికి 15 ఏళ్లు. నీకిప్పుడు 8. ముంజెలు ఎన్నో ఏట తింటావు?" క్లాసంతా 23 అని అరిచింది. బుడ్డోడొక్కడే లేచి, "నేను తేగలు తినేసినా గదయ్యా, అంతకాలం ఎవురుంటారు?" అన్నాడు. అయ్యవారు గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. గొడుగు ఊగడం అందరం చూశాం.

తర్వాత శనివారాలు కట్ట మీద నడక. ఎలుక బొరియ, పీత బొరియ ఏది కనపడినా పక్కన పుల్ల గుచ్చి, కట్టనూ తూములనూ చూసుకునే లష్కరు మామకు చెప్పాలి. బొరియకొక బలపం. బలపాల కోసం తనే బొరియలు తవ్విన మహానుభావుడు ఈ సంచిక సంపాదకవర్గంలోనే ఉన్నాడు. ఈ వాక్యం అచ్చులో ఉంటుందో లేదో చూద్దాం.

84 నవంబరు తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటిన రాత్రి ఊరంతా ఇసక మూటలతో కట్ట మీదే ఉంది. బొరియల వల్ల ఊట ఎక్కడెక్కడ తన్నే అవకాశముందో లాంతరు పట్టుకుని పెద్దవాళ్లకు చూపించింది మనమే. తొమ్మిదో తరగతి పిలకాయల మాట లష్కరు మామ విన్నాడు. కట్ట నిలబడింది.

నేను సివిల్ డిప్లొమా చేసి ఇరిగేషన్‌లో పడ్డాను. 78 టీఎంసీల సోమశిల జలాశయం కింద కాలవల మీద చాలా ఏళ్లు తిరిగాను. ఇప్పుడు డీఈని, అంటే డిప్యూటీ ఇంజనీర్ని. జీపుంది, సంతకం కోసం జనం నిలబడతారు. ఏ కట్ట ఎక్కినా నా చూపు మాత్రం ఇప్పటికీ కిందికే పోతుంది. సార్ ఏదో పోగొట్టుకున్నారని మా ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు) అనుకుంటారు.

మొన్న ఉగాదికి ఊరొచ్చినప్పుడు మన కట్ట మీది తాటిచెట్లు లెక్కపెట్టాను. 26 ఉన్నాయి. కొన్ని అసలు మొలవలేదు. కట్ట వెడల్పు చేసినప్పుడు నాలుగు కొట్టేశారు. ఆ ఎస్టిమేట్ మీద సంతకం ఎవరిదని అడగొద్దు. అప్పటికి అయ్యవారు లేరు. ఉండుంటే బోర్డు మీద ఇంకో తీసివేత రాసేవారు.

నా మూడింటిలో రెండు తినేశాను. మిగిలింది పోతుతాడు, అంటే మగ తాటిచెట్టు. 47 ఏళ్లకు ఒక్క కాయ లేదు, రాదు కూడా. కల్లు మాత్రం బాగా పడుతుందట, బుడ్డోడు చెప్పాడు.

సంక్రాంతికి కలుస్తున్నాం కదా. తేగలు ఎవరు తెస్తున్నారో గ్రూపులో ముందే పెట్టండి. కొనే తెండి.