రాత్రిపూట దానంతటదే ఆడిన కంప్రెసరు

అనంతపురంలో గుత్తి రోడ్డు పక్కన నాకొక చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. కార్లు, ఆటోలు రెండూ చేస్తాం. నాతో కలిపి ముగ్గురం. ఒకరోజు పొద్దున టీకొట్టు తమ్ముడు గ్లాసు చేతికిస్తూ, "అన్నా, రాత్రిళ్లు కూడా పని పెట్టుకుంటాండావా? మీ షెడ్డులో మోటరు ఆడుతాంది" అన్నాడు. "యాడిదప్పా, ఎనిమిదికే షట్టరేసి పోతాండా కదా" అని నవ్వేసి టీ తాగేశాను.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆ నెల బిల్లు 720 యూనిట్లు, ఎనిమిది వేల చిల్లర. మాది కమర్షియల్ కనెక్షను, యూనిట్లు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది. అప్పటిదాకా నా అనుమానమంతా వెల్డింగ్ మిషను మీదే. అంతకుముందే ఎవరో అమ్మితే "పవర్ సేవర్" అని ఒక డబ్బా కూడా కొని ప్లగ్గులో పెట్టాను. రెండు నెలలు చూశాను, యూనిట్లలో ఒక్కటీ తగ్గలేదు. విప్పితే లోపల ఒక చిన్న కెపాసిటరు, ఒక ఎర్ర లైటు. ఆ లైటు మాత్రం బాగా వెలిగేది.

ఆ రాత్రి పిల్లోళ్లను పంపేసి, లైట్లు, ఫ్యాన్లు ఆపేసి, కంప్రెసరు (గాలిని ట్యాంకులోకి నొక్కి నింపే మిషను) పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. మాది మూడు హెచ్‌పీ మోటరు, 150 లీటర్ల ట్యాంకు. గాలి ఎవరూ వాడటం లేదు. ఆరు నిమిషాలు కాగానే గేజీ ముల్లు 150 పౌండ్ల నుంచి 110కి దిగింది, టక్కుమని మోటరు అందుకుంది. రెండు నిమిషాలు ఆడి ఆగింది. మళ్లీ ఆరు నిమిషాలు, మళ్లీ రెండు. ఫోన్‌లో టైము రాసుకుంటూ నాలుగుసార్లు చూశాను, అదే లెక్క.

అంటే ఎనిమిది నిమిషాల్లో రెండు నిమిషాలు, నాలుగో వంతు కాలం, ఉత్త లీకుల కోసమే ఆడుతోంది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున తొమ్మిది దాకా పదమూడు గంటలు. అందులో మోటరు ఆడేది మూడు గంటల పైనే. గంటకు రెండున్నర యూనిట్ల లెక్కన రాత్రికి ఎనిమిది యూనిట్లు, నెలకు 240. షట్టరేసిన షెడ్డులో! మెయిన్ ఆపడం నాకెప్పుడూ తోచలేదు, పొద్దున్నే గాలి సిద్ధంగా ఉంటుందనుకునేవాణ్ణి.

మరుసటి రోజు గిన్నెలో సర్ఫ్ నీళ్లు కలిపి, పాత పెయింట్ బ్రష్షుతో ప్రతి జాయింటుకీ పూశాను. పైపులు తగిలించే కప్లర్ల దగ్గర బుడగలు పొంగాయి, అది ఊహించిందే. పైపు క్లిప్పులు రెండు వదులు. ట్యాంకు కింద నీళ్లు వదిలే కుళాయి, డ్రైన్ కాక్, సన్నగా కారుతోంది. అసలు దొంగ మాత్రం ప్రెజరును బట్టి మోటరు వేసి ఆపే ప్రెజర్ స్విచ్ దగ్గర దొరికాడు. మోటరు ఆగిన వెంటనే అక్కడ "టుస్" మని ఒక్కసారి గాలి వదలాలి, తర్వాత నిశ్శబ్దం. మాది వదులుతూనే ఉంది. చేయి పెడితే చల్లగా తగులుతోంది. అంటే గాలిని వెనక్కి రానీయకుండా ఆపాల్సిన ట్యాంకు మీది నాన్ రిటర్న్ వాల్వు సరిగా కూర్చోవడం లేదు, ట్యాంకులోని గాలి వెనక్కి వస్తోంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి (గాలి ఉండగా దాన్ని విప్పాలని చూడొద్దు) వాల్వు తీస్తే సీటు మీద గోరంత మసి పెళ్ల. తుడిచి, వాషరు మార్చి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాను. మొత్తం ఖర్చు ఆరేడు వందలు.

ఇక్కడే ఇంకో సిగ్గుచేటు విషయం. వచ్చిన ప్రతి కస్టమరుకూ "ఎయిర్ ఫిల్టరు మార్చన్నా, మైలేజీ పోతాంది" అని చెప్పే నేను, నా కంప్రెసరు ఫిల్టరు మూడేళ్లుగా తీయలేదు. గుత్తి రోడ్డు దుమ్మంతా అందులోనే. పైగా కంప్రెసరును రేకుల కింద, కాగే మూలన పెట్టి వేడిగాలి పీల్పిస్తున్నాను. దాన్ని వెనక వేపచెట్టు నీడకు మార్చి పైన చిన్న రేకు కప్పాను.

తర్వాత ప్రెజరు. గాలితో నట్లు విప్పే గన్నుతో వీల్ నట్లు రావడం లేదని ఏడాది కింద నేనే 150కి పెంచాను. నిజానికి గన్నుకు 90 పౌండ్లు చాలు. కానీ అది గన్ను దగ్గర ఉండాలి, ట్యాంకులో కాదు. మా పైపు సన్నది, పొడుగుది, గాలి దారిలోనే నీరసపడిపోతోంది. అర అంగుళం పైపు, కావలసినంతే పొడుగు వేశాక 115లోనే నట్లు ఊడొచ్చాయి. ఒక బార్, అంటే పద్నాలుగున్నర పౌండ్లు తగ్గిస్తే కంప్రెసరు తినే కరెంటు ఆరేడు శాతం తగ్గుతుందని వైండింగ్ షాపు మామ చెప్పాడు. "పెంచేది అందరికీ తెలుసు నాయనా, తగ్గించేదే ఎవురికీ చేతకాదు" అన్నాడు.

లైట్ల సంగతి తొందరగా అయిపోయింది. పాత ట్యూబ్‌లైట్లు ఆరు. పేరుకు 40 వాట్లు, రాగి చోకుతో కలిపి ఒక్కోటి 50 దాటేది. ఆ చోటుల్లో 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీలు వేశాను. ఫ్యాను ఒక్కటే తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటరుది కొన్నాను, ముప్పై వాట్ల ఫ్యాను. రెండోదానికి డబ్బుల్లేవు, పాతదే తిరుగుతోంది.

పప్పులో కాలేసింది పైకప్పు దగ్గర. పగలు లైట్లు వద్దని వెలుతురు దిగే పారదర్శక రేకులు రెండు వేయించాను. సరిగ్గా పని చేసే చోట పైనే! ఏప్రిల్ మధ్యాహ్నం మా పిల్లోడు బానెట్ కింద తల పెట్టి, "అన్నా, దోశ పోసుకోవచ్చు" అన్నాడు. మేస్త్రీని మళ్లీ పిలిచి, రెంటినీ ఉత్తరం వాలుకు మార్పించాను, మిగతా రేకులకు తెల్ల రంగు కొట్టించాను. రెండు కూలీలు దండగ.

ఆ తర్వాత మూడో బిల్లు 395 యూనిట్లు, ఐదు వేల లోపు. బిల్లు చూసి మా ఆవిడ, "మీటరు పాడైందేమో చూపించు" అంది.

ఇప్పుడు రాత్రి మెయిన్ ఆపే పోతాను. పొద్దున షట్టరెత్తగానే ముందు గేజీ చూడటం అలవాటైంది. నిన్న 112 దగ్గర వదిలి వెళితే ఈరోజు 95 ఉంది. ఆ పదిహేడు పౌండ్లు ఎటు పోయాయో ఇంకా దొరకలేదు. నా అనుమానం డ్రైన్ కాక్ మీదే, ఆదివారం విప్పుతాను.