అత్తగారి పైటపిన్ను

మంగళవారం రాత్రి

అత్తగారి పైటపిన్ను అమ్మే పని ఇవాళ నా మీద పడింది. బయట బ్రోచ్ అంటారు గానీ మా ఇంట్లో అది పైటపిన్నే. రూపాయి బిళ్లంత బంగారు పువ్వు, మధ్యలో కందిగింజ కన్నా కాస్త పెద్ద ఎర్రరాయి, చుట్టూ ఆవగింజల్లాంటి ముత్యాలు. ఒక ముత్యం ఎప్పుడో రాలిపోయింది. 1942లో జపాన్ వాళ్లు బర్మా మీద పడ్డప్పుడు అత్తగారి అమ్మమ్మ దీన్ని రవికె లోపల కుట్టుకుని రంగూన్ నుంచి తెచ్చిందట. అందుకే అందరం "రంగూన్ కెంపు" అనేవాళ్లం. ఊళ్లో ఇల్లు ఈ వానలకి కారుతోంది. ఎవరూ పెట్టుకోని వస్తువు బీరువాలో ఎందుకని ఆవిడే తీసి ఇచ్చారు.

గంటస్తంభం దగ్గర ఒక పెద్ద షాపుకి వెళ్లాను. కుర్రాడు తూకం వేసి, "రాళ్లు పీకేసి బంగారానికి లెక్క కడతాం మేడమ్, రాయికి ఏమీ రాదు" అన్నాడు. అంటూనే పట్టకారు తీసి రేకుల కింద దూర్చబోయాడు. నా గుండె ఆగినంత పనైంది. లాక్కుని వచ్చేశాను.

అక్కణ్నుంచి మా వీధి ఆచారి గారి దగ్గరికి. గీటురాయి మీద గీసి, బంగారం మంచిదే అన్నారు. 916 ముద్ర లేదన్నాను. బంగారానికి హాల్‌మార్క్ మన దేశంలో 2000లో వచ్చింది, ఇంత పాతదానికి ఎక్కడుంటుందన్నారు. వెనక్కి తిప్పి చూపించారు. సూది మొన పువ్వు అంచు దాటి బయటికి ఉంది, కొక్కేనికి ఉత్త వంపే గానీ తాళం లేదు. పాతకాలం పనికి అదే గుర్తట. నాకు ఆ వెనకవైపే ఎక్కువ నచ్చింది. ఎన్ని పట్టుచీరల్లో దిగి వచ్చిందో, ఆ సూది మధ్యలో సన్నగా వంగిపోయింది.

తర్వాత తలుపు దగ్గరకి వేసి, నోట్లు చూసే నీలం లైటు తీశారు. ముందు తన డబ్బాలోని బర్మా కెంపు మీద వేశారు. నిప్పుకణికలా రాజుకుంది. మా రాయి మీద వేస్తే నేరేడుపండులా నల్లగా ఉండిపోయింది.

"ఇది బర్మా కెంపు కాదు తల్లీ. ఆ కెంపులో ఇనుం తక్కువ, అందుకే అలా ఎలుగుతాది. మిషన్లో చేసిన కెంపూ ఎలుగుతాది, అది వేరే మాట. ఇది గార్నెట్టు. భీమిలిలో అల ఎనక్కెళ్లాక ఇసక మీద ఊదారంగు చార మిగులుతాది సూడు, అందులో ఉండేది ఈ జాతి రాయే."

రాయి పీకకుండా, పాత నగగా మొత్తం ఒక్కటిగానే అమ్మమన్నారు. ముందూ వెనకా ఫొటోలు తీసి, వివరాలు రాసి పెట్టుకోమన్నారు.

దారంతా ఒకటే టెన్షన్, అత్తగారికి ఎలా చెప్పాలా అని. ఆవిడ బీరకాయ తరుగుతూ అంతా విన్నారు.

"అమ్మమ్మకి తెలుసుంటుందంటావా?" అన్నారు.

నాకు జవాబు తోచలేదు.

రాత్రి వివరాలు రాయడానికి కూర్చున్నాను. "రంగూన్ కెంపు అని పెడితే మంచి ధర వస్తుంది" అన్నారు మా ఆయన. అత్తగారు పిన్ను తీసుకుని కొంగుతో తుడిచారు.

"రంగూన్ అని రాయమ్మా. కెంపని రాయొద్దు. ముత్యం ఒకటి రాలిపోయిందని కూడా రాయి."