తాతగారి జీపు తొట్టి మళ్లీ రోడ్డెక్కింది

మా తాతగారిది జీడిపిక్కల వ్యాపారం. పలాస చుట్టుపక్కల ఉద్దానం ఊళ్లు తిరిగి పిక్కలు కొని ఫ్యాక్టరీలకు వేసేవారు. జీపు వెనక తగిలించుకునే రెండు చక్రాల ట్రైలర్ ఒకటి ఉండేది. ఇంట్లో అందరం దాన్ని తొట్టి అనేవాళ్లం. ఏడాదంతా అందులో బస్తాలు. కార్తీక మాసంలో మాత్రం మేము. అడుగున గడ్డి పరిచి, పైన దుప్పట్లు వేసి, పిల్లలందరినీ ఎక్కించుకుని వనభోజనాలకు బారువ తోటలకు తీసుకెళ్లేవారు. ఒక ఏడాది రాత్రి కూడా అక్కడే ఉండిపోయాం. టార్పాలిన్ కింద ఆరుగురం పిల్లలం, అవతల సముద్రం హోరు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ రాత్రి మా అమ్మాయికి కూడా దొరకాలనే ఆ పాత తొట్టిని బాగుచేయించి, లోపల పడుకునే క్యాంపర్‌గా మార్చాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫానుకి పెరట్లో పనస చెట్టు ఆ తొట్టి మీద పడింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలే నేలమట్టమైపోతే తొట్టి గురించి ఎవరు పట్టించుకుంటారు? నాలుగేళ్లు అలాగే ఉండిపోయింది. 2022 దసరాకి ఊరెళితే చిన్నాన్న పాత ఇనుముకి వేసేద్దామన్నాడు. నాకిచ్చెయ్యమని అడిగాను. "నీకెందుకురా ఈ తుప్పు?" అన్నాడు గానీ కాదనలేదు.

కాగితాల సంగతి ముందే చెప్పేస్తాను. ఇది తేల్చుకోకుండా ఎవరూ సుత్తి పట్టుకోకండి. ట్రైలర్‌కి జీపుతో పని లేకుండా విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుంది. మాది తాతగారి పేరు మీదే ఉండిపోయింది. యజమాని చనిపోతే వారసుడి పేరుకి మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. దానికి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నాన్నగారి, చిన్నాన్న ఒప్పుకోలు పత్రాలు జతచేశాం. బాడీ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందే అనుమతి తీసుకోవాలి. పని అయ్యాక బండి చూపించి ఆర్సీలో ఎక్కించుకోవాలి. సొంత వాడకానికి ఉంచుకున్న క్యాంపర్ ట్రైలర్ నాన్-ట్రాన్స్‌పోర్ట్ కిందకు వస్తుందని 2004 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లో ఉంది. ఆ కాపీ దగ్గర పెట్టుకోవడం నాకు చాలా పనికొచ్చింది. తిరుగుళ్లు బాగానే అయ్యాయి, ఐదు నెలలు పట్టింది. అయినా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు చక్రాలు, లైట్లు, కొక్కెం ఒక్కొక్కటీ వంగి చూసి సంతకం పెట్టినప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

పనిలో మొదటి తప్పు నాదే. హైవే పక్కన ఒక వెల్డింగ్ షాపులో తొట్టి దింపేసి, ఛాసిస్‌కి తుప్పు పట్టినచోట అతుకులు వెయ్యమన్నాను. వాళ్లు తుప్పు గీకకుండానే పైన ప్లేట్లు అంటించి, బ్లాక్ పెయింట్ కొట్టి, 14 వేలు తీసుకున్నారు. చూడ్డానికి కొత్తదానిలా మెరిసిపోయింది. అక్కడి నుంచి కాశీబుగ్గలో పాత జీపులు చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఏమీ మాట్లాడకుండా కిందికి దూరి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ ప్లేటు అంచున గట్టిగా నొక్కాడు. సగం దిగిపోయింది. "ముందు కింద సూసుకో బావూ. పైన రంగులు ఎప్పుడైనా ఏసుకోవచ్చు" అన్నాడు. ఆ రోజు నుంచి పని ఆయన చెప్పిన వరసలోనే నడిచింది. ముందు ఇరుసు, చక్రాలు. తర్వాత కమాన్ కట్టలు (కుదుపులు ఆపే స్ప్రింగు పట్టీలు), కొక్కెం, ఛాసిస్. బాడీ ఆఖర్న.

హబ్, అంటే చక్రం మధ్య బొడ్డు, దాని మూత విప్పినప్పుడు చూడాలి. లోపల గ్రీజు గ్రీజులా లేదు, ఎండిపోయిన మైనంలా పెళ్లలుగా ఊడొచ్చింది. కిరోసిన్‌లో కడిగితే బేరింగ్ రోలర్ల మీద సన్నటి గుంటలు కనబడ్డాయి. ఒకవైపు బేరింగ్ వేడెక్కి నీలంగా మారిపోయింది. నాలుగూ మార్చేశాం. కొత్తవాటిలో గ్రీజు పెట్టడం ఆయన నా చేతే చేయించాడు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగ్ వెడల్పు వైపు అంచుతో దాన్ని గీరుతూ ఉంటే, రెండోవైపు నుంచి పురుగుల్లా గ్రీజు బయటికి రావాలి. చుట్టూ అలా వచ్చేదాకా నిండనట్టే. నట్టు కూడా బలంకొద్దీ బిగించేయకూడదు. చక్రం తిప్పుతూ బిగించి, కొంచెం వెనక్కి వదిలి, నట్టు ఊడిపోకుండా కాటర్ పిన్ వెయ్యాలి. చక్రం తేలిగ్గా తిరగాలి, పట్టుకుని ఊపితే మాత్రం టకటక అనకూడదు. టైర్లు జీపు సైజే, 6.00-16, దొరకడం కష్టం కాలేదు.

అడుగు రేకు దగ్గర నేను ఊహించనిది ఒకటి జరిగింది. పక్క రేకులన్నీ జల్లెడలా ఉన్నాయి, అడుగు మధ్యలో మాత్రం నల్లటి పొర కింద ఇనుము శుభ్రంగా ఉంది. చిన్నాన్నని అడిగితే, ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఇటుక బట్టీలకు జీడితొక్కలు కూడా వేసుకొచ్చేవారట. ఆ తొక్కల నూనె ఏళ్ల తరబడి రేకుకి పట్టేసింది. తుప్పు పట్టకుండా వేసే రంగుల్లో నిజంగానే ఈ నూనె సరుకు వాడతారు. తాతగారి వ్యాపారమే తొట్టి అడుగుని కాపాడిందని తెలిసి నాకు చాలా సంతోషమేసింది. కాకపోతే ఆ పొర గీకేటప్పుడు గ్లౌజులు వేసుకోలేదు. మోచేతుల దాకా బొబ్బలెక్కాయి. పది రోజులు మా ఆవిడ కొబ్బరినూనె రాస్తూ తిట్టింది. ఉద్దానంలో పుట్టినవాణ్ణి, జీడి సంగతి నాకు తెలియాల్సిందే. తెలిసీ అజాగ్రత్తగా ఉన్నాను.

బాడీకి పైన చిన్న గది కట్టాం. సన్న చదరపు పైపుల ఫ్రేము, బయట అల్యూమినియం షీటు, లోపల ఆరు మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్. సముద్రం దగ్గరికి వెళ్లే బండి కాబట్టి ఇనుమూ అల్యూమినియమూ నేరుగా తగలకూడదు. ఉప్పు తడిలో ఆ రెండూ ఆనుకుని ఉంటే అల్యూమినియం తినేసినట్టు పాడైపోతుంది. మధ్యలో రబ్బరు పట్టీ వేశాం. లోపల ముగ్గురు పడుకోవచ్చు, వెనక తలుపు పైకెత్తితే వంట బల్ల. వైరింగ్, కర్టెన్లు, పరుపులు అన్నీ మా ఆవిడా తమ్ముడూ రెండు ఆదివారాల్లో చేసేశారు.

అసలు టెన్షన్ మొదటి ట్రయల్లో వచ్చింది. బొలెరోకి తగిలించి, సామాను నింపి, హైవే మీద 60 దాటగానే తొట్టి తోక ఊపడం మొదలుపెట్టింది. అద్దంలో చూస్తే ఇటూ అటూ కొట్టుకుంటోంది. స్టీరింగ్ నా చేతిలో వణికింది. బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటర్ వదిలేసి, మెల్లగా పక్కకి తీశాను. దిగాక కాసేపు కాళ్లు ఆడలేదు.

లోపం బరువు సర్దడంలో ఉంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. మేము నీళ్ల ట్యాంకు, వంట సామాను వెనక్కి పెట్టేశాం, వాడుకోవడానికి సులువని. కాటా వేయిస్తే మొత్తం 640 కిలోలు. కొక్కెం కింద ఇంట్లో బరువు చూసుకునే మిషన్ పెడితే 28 కిలోలే చూపించింది. 50 లీటర్ల ట్యాంకుని ఇరుసుకి ముందు వైపు మార్చాం. 74 వచ్చింది. అదే రోడ్డు మీద, అదే స్పీడులో మళ్లీ వెళ్లాను. గీత గీసినట్టు వెనకే వచ్చింది. అయినా ఇప్పుడు 50 దాటించను. కొక్కెం కింద గొలుసులు రెండూ ఒకదానికొకటి అడ్డంగా, X ఆకారంలో వేస్తాను, కొక్కెం ఊడినా ముందు భాగం నేలకి కొట్టుకోకుండా అవి ఆపుతాయి.

2023 కార్తీకంలో బారువ వెళ్లాం. మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో, తెలిసినవాళ్ల కొబ్బరి తోటలో, వాళ్లనడిగే పెట్టుకున్నాం. పులిహోర ఇంటి నుంచే తెచ్చాం, ఉసిరిచెట్టు కింద పొయ్యి మీద పప్పు ఉడికింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు. తాతగారి తొట్టి ఎక్కాలంటే అప్పట్లో స్టూలు వేసేవారని చెబుతూ, మేం పెట్టిన మెట్టు మీద నుంచి ఎక్కి, పరుపు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. రాత్రి అమ్మా, మా ఆవిడా, పాపా లోపల, నేను బయట మడత మంచం మీద. పాప మధ్యలో రెండుసార్లు లేచి కిటికీలోంచి "నాన్నా, సముద్రం ఇంకా అరుస్తోంది" అంది.

మళ్లీ ఫిబ్రవరిలో వెళ్లినప్పుడు బయటి లైటు వెయ్యలేదు. ఆ రోజుల్లో తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, వెలుతురుకి బెదిరి వెనక్కి పోతాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకున్నాం.

తిరుగు ప్రయాణంలో టీకి ఆగినప్పుడల్లా హబ్బులు ముట్టుకుని చూడటం నాకు అలవాటు. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేకపోతే బేరింగ్ చెడినట్టే. ఈసారి నేను టీకి డబ్బులిచ్చి వచ్చేసరికి పాప గొంతుక్కూర్చుని, చెయ్యి వెనక వైపుతో ఎడమ హబ్బు ముట్టుకుంటోంది. "ఇది చల్లగానే ఉంది నాన్నా" అని లేచి, కుడివైపుకి పరిగెత్తింది.