యూరోపియం పొర: ఎరుపు వచ్చింది, తెల్లమసక పోవడం లేదు

గాజుపలకను ద్రావణంలో ముంచి తీసి, దాని మీద యూరోపియం అనే లోహం కలిసిన పలుచని సిలికా పొర వేస్తున్నాను. అమలాపురంలో ఈ శ్రావణమాసపు తేమలో చేసిన పొరలన్నీ 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి కింద చక్కగా ఎర్రబడుతున్నాయి. 90 డిగ్రీల వేడిలో ఆమ్లం ఆవిరయ్యేకొద్దీ వెలుగు ఇంకా పెరుగుతోంది. పారదర్శకత దగ్గరే పని ఆగిపోయింది.

సిలికాను ఇచ్చే టీఈఓఎస్, ఎంటీఈఎస్ ద్రవాలను సమాన మోల్స్‌లో తీసుకుని, ఇథనాల్, ఆమ్లజలం కలిపి, యూరోపియం క్లోరైడ్‌ను, వెలుగును పీల్చి దానికి అందించే లైగాండ్లు టీటీఏ, ఫినాంత్రొలిన్‌లను చివర చేర్చే పాత పద్ధతినే పాటించాను. గాజుపలక నిమిషానికి 60 మిల్లీమీటర్ల వేగంతో పైకి వస్తుండగానే, ద్రవం పేరుకునే కింది అంచు నుంచి బియ్యం కడుగులాంటి తెలుపు పైకి పాకి, పొర ఆరాక కూడా అలాగే నిలిచిపోతోంది.

మొదట టీటీఏ స్ఫటికాలుగా విడిపోతోందని అనుమానించాను. అయితే యూరోపియం గాని, లైగాండ్లు గాని కలపని ఉత్త సోల్‌తో (సిలికా ద్రావణంతో) కూడా అదే మసక వచ్చింది. పైగా సూక్ష్మదర్శినిలో సూదుల్లాంటి స్ఫటికాలకు బదులు గుండ్రని గుంటలే కనిపించాయి. కాబట్టి ఇది తేమ పనే. గదిలో 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉంటే మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీరుగా మారే వేడిమి) సుమారు 27 డిగ్రీలు. ఇథనాల్ ఆవిరవుతూ పలకను మూడు డిగ్రీలు చల్లబరిస్తే చాలు, తడి పొర మీద నీరు చేరుతుంది.

సిలికాజెల్ పరచిన మూతపెట్టెలో తేమను 45 శాతానికి దించితే పలక పైభాగం అద్దంలా వచ్చింది గాని, కింద నాలుగు మిల్లీమీటర్ల పట్టీ మసకగానే మిగిలింది. సిలికాజెల్ ఇథనాల్ ఆవిరిని కూడా పీల్చుకుంటుంది కనుక, వరుసగా పలకలు ముంచుతూ పోతే దాని శక్తి త్వరగా తగ్గిపోతోందని నా ఊహ. కోబాల్టు కలిసిన నీలం రకం కంటే నారింజ రకమే ఇంట్లో వాడుకోవడానికి మేలు. 365 అని అమ్ముతూ నిజానికి 395 వెలువరించే చవక టార్చీలను మాత్రం కొనకండి. ఈ పొరకు 365 వెలుగే మేలు.

ఈసారి ఇథనాల్‌లో కొంత భాగానికి బదులుగా, 117 డిగ్రీల దగ్గర మరిగే బ్యూటనాల్ వేసి, ఆవిరయ్యే వేగం తగ్గితే ఆ పట్టీ కూడా పోతుందేమో చూడాలి. ఆ తర్వాత టెర్బియం అనే మరో లోహంతో ఆకుపచ్చ పొర మొదలుపెడతాను. టీటీఏ శక్తిస్థాయి టెర్బియానికి మరీ దగ్గరగా ఉండి, ఇచ్చిన శక్తిని మళ్లీ వెనక్కి లాక్కుంటుంది కనుక, టెర్బియానికి లైగాండ్‌గా ఎసిటైల్ ఎసిటోన్ తెప్పించాలి.