పచ్చళ్ల డబ్బుతో ఇంటి డిపాజిట్ కట్టబోతే... (యూకేలో నా అనుభవం)

మేం లండన్ దగ్గర స్లౌ అనే ఊళ్లో ఉంటాం. 2020 లాక్‌డౌన్‌లో ఆవకాయ, గోంగూర పెట్టి ఇద్దరు ముగ్గురికి ఇస్తే ఆర్డర్లు మొదలయ్యాయి, తర్వాత వీకెండ్ బిర్యానీ ట్రేలు, అలా మూడేళ్లలో దాదాపు 21 వేల పౌండ్ల అమ్మకం. జీతంలో టాక్స్ ఎలాగూ కట్ అవుతోంది కదా అనుకున్నా, దీనికి వేరే చెప్పాలని మొదటి ఏడు నిజంగా తెలీదు. ఏడాదికి 1,000 పౌండ్లు దాటితే టాక్స్ వాళ్ల దగ్గర రిజిస్టర్ అవ్వాలని రెండో ఏడు ఫ్రెండ్ చెప్పింది. తెలిసి కూడా ఊరుకున్నా, అదే నేను చేసిన తప్పు.

2024లో ఇల్లు కొనబోతే, కొనుగోలు కాగితాలు చూసే లాయర్ (సాలిసిటర్) డిపాజిట్ ఎక్కడిదని స్టేట్‌మెంట్లు అడిగాడు. ఈ చిన్న చిన్న ట్రాన్స్‌ఫర్లకి టాక్స్ కట్టారా అన్నాడు, లేదన్నా, అంతే ఫైల్ ఆగిపోయింది. రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. డబ్బు మీద అనుమానమొచ్చి సాలిసిటర్లు అధికారులకి రిపోర్ట్ చేసినా మనకి చెప్పకూడదట, చట్టమే అలా ఉంది.

ఏడుస్తూ మన గుంటూరు అకౌంటెంట్ గారి దగ్గరకెళ్లా. "వంట చేసి అమ్మడం నేరం కాదమ్మా, లెక్క చూపించనంత మాత్రాన ఆ డబ్బు క్రిమినల్ ప్రాపర్టీ, అంటే నేరంతో వచ్చిన సొమ్ము, అయిపోదు, 2006లో గేబ్రియల్ కేసులో అప్పీల్ కోర్టు ఆ మాటే చెప్పింది. కానీ ఎగ్గొట్టాలనే దాస్తే అది మోసం, ఎగ్గొట్టిన టాక్స్ ఆ మోసంతో వచ్చిన లాభం" అన్నారు. ఖర్చులు పోను లాభం 12 వేలు, టాక్స్ 2,400, అంత పక్కన పెడితే మిగతాది నా కష్టమే కదండీ అని అడిగా. "అక్కడే ఉందమ్మా చిక్కు, 2013లో విలియం కేసులో టాక్స్ వరకే కాదు, అలా దాచిన అమ్మకం డబ్బు (టర్నోవర్) మొత్తం క్రిమినల్ ప్రాపర్టీయే అన్నారు" అన్నారు. తెల్లారుజామున లేచి మామిడికాయలు కొట్టిన డబ్బుకి ఆ పేరా అని ఆ రాత్రి నిద్ర పట్టలా.

ఇక్కడి టాక్స్ శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి మనంతట మనమే చెప్పుకునే ఆన్‌లైన్ డిస్‌క్లోజర్ ఉంది. ముందు నోటిఫై చేస్తే రిఫరెన్స్ నంబర్ ఇస్తారు, అక్కడినించి 90 రోజుల్లో లెక్కలు, డబ్బు రెండూ ఇవ్వాలి. వాట్సాప్ ఆర్డర్లు, సరుకుల బిల్లులు తవ్వి తీయడానికే ఐదు వారాలు పట్టింది. పెనాల్టీ మనమే లెక్కేసుకుని ఇంత కడతామని ఆఫర్ పంపాలి, తెలియక చేసిన మొదటి ఏడుకి కట్టని టాక్స్ మీద 10 శాతం, తెలిసి చేసిన రెండేళ్లకి 20 శాతం అని ఉన్నదున్నట్టు రాశా. మూడేళ్లూ తెలీదని రాసెయ్యమని చాలామంది చెప్పారు, నాకు మనసొప్పలేదు.

వడ్డీతో సహా కట్టేశా, యాక్సెప్ట్ చేసినట్టు లెటర్ వచ్చింది, దాన్ని సాలిసిటర్‌కి పంపితే ఫైల్ మళ్లీ కదిలింది. అప్పటికి ఆ ఇల్లు వేరేవాళ్లు కొనేసుకున్నారు.