సాగర నుంచి సాగరం దాకా

ఒంటరిగా బయలుదేరుతున్నానని అమ్మకు చెప్పలేదు. "ఆఫీసు వాళ్ళం నలుగురం వెళ్తున్నాం" అన్నాను. హిందూపురంలో కూర్చున్న మనిషికి బెంగళూరులో ఎన్ని బళ్ళు కదిలాయో ఏం తెలుస్తుందిలే అని నా ధీమా.

ఆగస్టు మొదటి శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు బండి తీశాను. జోగ్ జలపాతం దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. తుమకూరు ముందు క్యాత్సంద్రలో పళ్ళెమంత తట్టె ఇడ్లీలు రెండు తిన్నాను. తిపటూరు కొబ్బరి తోటలు, అరసికెరె, కడూరు... అంతా పొడి రోడ్డు, చెప్పుకోవడానికేమీ లేదు. తరీకెరె దాటాక వాన పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు.

తెలుగు చదవడం వస్తే కన్నడ బోర్డులు సగం వచ్చినట్టే. ఆ సగంతోనే చిక్కు. మలుపు మలుపుకీ "నిధానవాగి చలిసి" అని రాసి ఉంటుంది. నెమ్మదిగా వెళ్ళండి అని అర్థం. చేతి తొడుగుల్లోకి నీళ్ళు దిగి, పళ్ళు టకటకలాడుతున్నప్పుడు నాకు మాత్రం అందులో "చలి" ఒక్కటే కనిపించింది. నిదానంగా చలేయడమేమిటి, శివమొగ్గ చేరేసరికి శరవేగంగానే వేసింది.

ఆ రాత్రి సాగర అనే ఊళ్ళో ఒక చిన్న లాడ్జిలో దిగాను. యజమాని పాత పేపర్లు ఇచ్చి బూట్లలో కుక్కమన్నాడు. అడక్కుండానే లింగనమక్కి ఆనకట్ట నీటిమట్టం కూడా చెప్పాడు: నిండడానికి ఇంకా పది అడుగులకు పైనే కావాలట. మన దగ్గర క్రికెట్ స్కోరు అడిగినట్టు వానాకాలంలో వీళ్ళు ఆ అంకె అడుగుతారు. 1819 అడుగులు నిండు మట్టం. పక్క గదిలోని కుర్రవాడికి కూడా అది నోటికొచ్చు.

ఆదివారం ఎనిమిది గంటలకు జోగ్‌లో రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా తెల్లటి గోడ. మంచు కాదు, మబ్బే లోయలోకి దిగి కూర్చుంది. అవతల 253 మీటర్ల జలపాతం ఉందని చెవులు చెబుతున్నాయి, కళ్ళకు దాఖలా లేదు. గంగాళంలో ఎవరో ఆపకుండా బియ్యం ఒంపుతున్నట్టు మోత. ఒక బస్సు వచ్చింది. నలభై మంది దిగి, ఆ తెల్లదనం ముందు నిలబడి ఫోటోలు దిగి, ఇరవై నిమిషాల్లో ఎక్కేశారు. "ఇంతదూరం వచ్చి ఇదా" అని ఒకాయన భార్య మీద విసుక్కున్నాడు, మబ్బును ఆవిడే పిలిచినట్టు. కిందికి దిగే పధ్నాలుగు వందల చిల్లర మెట్లకు వానల వల్ల తాళం వేసి ఉంది. నేను టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. నాతో ఎవరూ లేరు, కాబట్టి "పోదాం పద" అనేవాళ్ళూ లేరు. ఒంటరి ప్రయాణం గురించి జనం పెద్ద మాటలు చెబుతారు గానీ, నాకు తెలిసిన లాభం ఇదొక్కటే.

రెండో టీ తాగుతుండగా కొట్టతను నా కాలి వైపు చూపించాడు. మేజోడు చీలమండ దగ్గర ఎర్రగా తడిసి ఉంది. పొద్దున దారిలో చైన్‌కు ఆయిలు వేయడానికి గడ్డిలో గొంతుక్కూర్చున్నప్పుడు ఎక్కి ఉంటుంది. మేజోడు కిందికి లాగితే జలగ. అప్పటికే కడుపు నిండి నేరేడుపండులా ఉబ్బింది. నొప్పి లేదు, దురద లేదు, అదే దాని గొప్పతనం. అతను చిటికెడు ఉప్పు వేశాడు. అది ముడుచుకుని రాలిపోయింది. అది రాలినా రక్తం ఆగలేదు; జలగ ఉమ్మిలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని గుణం ఉంటుంది. అరగంట సేపు పేపరు ముక్క అదిమి పట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోను.

"టిఫిన్లు చేశారా?"

"చేశాం అమ్మా."

"ఏదీ, ఆ పక్కనున్న అబ్బాయికొకసారి ఇవ్వు."

పక్కనున్నది టీ కొట్టతను. కన్నడం తప్ప రాదు కదా, రెండు ముక్కలు మాట్లాడి ఇచ్చేస్తాడనుకుని ఫోను చేతిలో పెట్టాను. అమ్మది హిందూపురమని, అక్కడ సంతలో కూరగాయల బేరం కన్నడంలోనూ నడుస్తుందని ఆ క్షణాన నాకు తట్టలేదు. ఇద్దరూ ఐదు నిమిషాలు మాట్లాడుకున్నారు. "ఒబ్బరే బందిద్దారమ్మా" అన్నది మాత్రం స్పష్టంగా వినిపించింది. ఒక్కరే వచ్చారమ్మా అని. తర్వాత జలగ సంగతి. ఫోను నా చేతికి తిరిగొచ్చేసరికి అవతల లైను కట్టయింది.

పదకొండున్నర దాటాక గాలి మారింది. ముందు కుడివైపు ఒక నల్ల రాతి అంచు, తర్వాత దాని మీదుగా జారుతున్న తెల్లటి పాయ. అందరూ ఒక్కసారి రెయిలింగు దగ్గరికి ఉరికారు. రాజా, రోరర్, రాకెట్, రాణి: నాలుగు పాయలకూ పేర్లున్నాయి. రాజా ఎక్కడా రాయిని తాకకుండా తిన్నగా పడుతుంది. రాణి రాతిని ఒరుసుకుంటూ జరీ అంచులా దిగుతుంది. రాకెట్‌ను చూస్తూంటే నీరు పడుతున్నట్టుండదు, ఎవరో విసురుతున్నట్టుంటుంది. మబ్బు మళ్ళీ మూసుకునేదాకా ఫోను జేబులోంచి తీయలేదు. లెక్క వేయలేదు గానీ, ఐదు నిమిషాలు ఉండి ఉంటుంది.

అయితే నేను చూసింది ఇక్కడ దూకే శరావతి నది మొత్తం కాదు. 1964లో పూర్తయిన లింగనమక్కి ఆనకట్ట జలపాతానికి కాస్త ఎగువనే ఉంది. నదిలో అధిక భాగం అక్కడ ఆగి, కరెంటు కోసం గొట్టాల్లోకి మళ్ళుతుంది. ఆనకట్ట నిండి గేట్లు ఎత్తే దాకా ఇక్కడ దూకేది ప్రధానంగా దాని దిగువ కొండల మీద కురిసిన వాన. ఇంత మోత చేసేది మిగులు నీరేనని తెలిశాక రాత్రి లాడ్జి యజమాని ఆత్రం అర్థమైంది.

మిగిలిన నది ఏమవుతుందో చూద్దామని హొన్నావర దారి పట్టాను. అరవై కిలోమీటర్లు, అందులో చాలావరకు గేరుసొప్ప ఘాటు. తడి రోడ్డు, రాలిన ఆకులు, ఎదురుగా లారీలు. బ్రేకును నమ్ముకోకుండా రెండో గేరులో ఇంజను పట్టు మీదే దింపాను. ఈ అడవి సింహపు తోక కోతులకు నెలవు. బోర్డులు చాలా కనిపించాయి, కోతి ఒక్కటీ కనిపించలేదు. ఒక మలుపులో ఆగి చూస్తే అడుగున నది. దూకినదీ, గొట్టాల్లోంచి వచ్చినదీ కలిసిపోయి పచ్చటి లోయలో కదలనట్టే కదులుతోంది. దిగువన గేరుసొప్ప దగ్గర ఇంకో ఆనకట్ట. పదహారో శతాబ్దంలో అక్కడినుంచే చెన్నభైరాదేవి రాజ్యమేలింది. మిరియాల వ్యాపారం ఆమె గుప్పిట్లో ఉండేది కాబట్టి పోర్చుగీసు వాళ్ళు ఆమెను మిరియాల రాణి అన్నారు. అక్కడినుంచి రోడ్డు వక్క తోటల మధ్య నదిని అంటిపెట్టుకుని సాగుతుంది. హెల్మెట్ అద్దం ఎత్తితే తగిలే గాలి వెచ్చబడింది, ఉప్పబడింది.

హొన్నావరలో శరావతి ఇక నదిలా లేదు. దాని మీద కొంకణ్ రైల్వే వంతెన రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, ఆ మార్గం మొత్తంలో అదే పెద్దది. రోడ్డు వంతెన దాటి కాసరకోడు ఒడ్డున బండి ఆపేసరికి నాలుగైంది. ఎర్ర జెండాలు పాతారు, నీళ్ళలో దిగనివ్వరు. జులై నెలాఖరు దాకా మరపడవలకు వేట నిషేధం; అది ముగిసి వారం కాలేదు, పడవల మీద రంగు వాసన ఇంకా పోలేదు. సముద్రంలోకి చాలా దూరం వరకు మట్టి రంగు చార. దానికి అవతల బూడిద పచ్చ. చార పక్కకు ఒరిగి ఎక్కడ చెదిరిపోతుందో కనిపెట్టాలని చూశాను గానీ కన్ను ఆనలేదు.

బూట్లు విప్పి ఇసుకలో కూర్చున్నాను. ఫోను మోగింది.

"రక్తం ఆగిందా?"

"ఆగిందమ్మా."

"పొడి మేజోళ్ళున్నాయా?"

"ఉన్నాయి." లేవు.

"పక్కన ఎవరున్నారు?"

చుట్టూ చూశాను. ఇరవై అడుగుల దూరంలో ఒక కుక్క పీత కన్నం తవ్వుతోంది.

"కుక్క ఉందమ్మా."

"సరే. దానికివ్వు ఫోను."