అమ్మ కాలికి పట్టీ

అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎడమచేతికి ఫిస్టులా ఉంది, అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి ధమనిని సిరకు కలిపిన చోటు. కాబట్టి ఆ చేతికి బీపీ చూడకూడదు, డయాలసిస్‌కి తప్ప సూది గుచ్చకూడదు. బీపీ మిషన్ పట్టీ, అదే కఫ్, బిగిస్తే రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోవచ్చు. అందుకని రోజూ కుడిచేతికే చూసేదాన్ని. పోయిన కార్తీకంలో తులసికోట దగ్గర జారిపడి ఆ కుడి మోచెయ్యి కాస్తా విరగ్గొట్టుకుంది. చంక దగ్గర్నుంచి మణికట్టు దాకా పిండికట్టు. ఇక మిగిలింది కాలే.

మొదటిసారి సొంత తెలివి ఉపయోగించాను. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, చీలమండ పైన కఫ్ చుట్టాను. "అరవై దాటాక నాకు పట్టీలు కడుతున్నావటే?" అని నవ్వింది. పై నంబరు 204 వచ్చింది. మళ్లీ చూస్తే 209. నాకు చేతులు చల్లబడ్డాయి. టెన్షన్‌తో డయాలసిస్ సిస్టర్‌కి ఫోన్ చేస్తే ఆవిడ అడిగిన మొదటి మాట: "పడుకోబెట్టారా, కూర్చోబెట్టారా?"

కాలు గుండె కన్నా కిందికి ఉంటే పైనున్న రక్తం బరువు కూడా అంకెలో కలుస్తుందట. ప్రతి 10 సెంటీమీటర్లకు ఇంచుమించు 7, 8 పాయింట్లు. లెక్కేసి చూస్తే ఆ 204లో 50కి పైగా కుర్చీదే! పడుకోబెట్టి, ఐదు నిమిషాలు ఆగి చూశాను. 148.

మర్నాడు సిస్టర్ దగ్గరుండి నేర్పింది. తొడకు చూడాలంటే పెద్ద కఫ్ కావాలి, మోకాలి వెనక గుంటలో స్టెతస్కోపు పెట్టి వినాలి. చేతి కఫ్ తొడకు చాలదు, కష్టపడి చుట్టినా లేని బీపీ చూపిస్తుంది. అమ్మ బక్కమనిషి కాబట్టి చీలమండకు ఆ కఫే సరిపోయింది. నా వేళ్లు పట్టుకుని లోపలివైపు ఎముక వెనక పెట్టించింది. నాకేమీ తెలియలేదు. "గట్టిగా నొక్కేస్తున్నారు, వదులు చెయ్యండి" అంది. అప్పుడు దొరికింది నాడి, గోడ అవతల ఎవరో రోట్లో దంచుతున్నట్టు. కఫ్ గొట్టం ఆ వైపుకే రావాలి.

పడుకున్నా సరే, కాలికి పై నంబరు చేతి కన్నా 10, 20 ఎక్కువే ఉంటుంది, కింది నంబరు మాత్రం పెద్దగా మారదు అన్నారు డాక్టరుగారు. పైగా కిడ్నీ జబ్బులో రక్తనాళాలు గట్టిపడి కఫ్‌కి లొంగకపోతే ఇంకా ఎక్కువ చూపించవచ్చట. ఒక్క అంకె చూసి మాత్రలు మార్చనని, రోజూ అదే కాలికి, అదే కఫ్‌తో చూసి రాయమని చెప్పారు. నోటుబుక్కులో ప్రతి అంకె పక్కనా 'కు.కా., ప' అని రాసేదాన్ని, కుడికాలు, పడుకుని అని. అన్నయ్య చూసి "ఏంటే, పాసయిందా?" అన్నాడు. వాడికి రోజూ చూసే పని లేదుగా, జోకులొస్తాయి.

కట్టు విప్పిన సాయంత్రం చేతికీ కాలికీ వెంటవెంటనే చూశాను. చేతికి 132, కాలికి 150. రెండూ ఒకే వరసలో రాస్తుంటే అమ్మ అంది, "ఇకనైనా నా కాళ్లు పట్టుకోవడం మానెయ్యవే."